ఉమైమాకి చెప్పాల్సిన జవాబు

అయినా ఆ పిల్ల అలా నిలదీసి అడుగుతుందని నేనేమైనా కలగన్నానా, ఇన్నేళ్ళుగా అడిగేది నేను, జవాబు చెప్పుకునేది వాళ్ళు, పెద్దయ్యాక ఏం చేద్దామనుందమ్మా, ఏ పుస్తకం ముందేసుకుంటే నీకు ఆకలి గుర్తుండదు, అని నేనంటాను, వాళ్ళు తలొంచుకుని గోళ్ళు చూసుకుంటూ నసుగుతారు, నేను ఓపిగ్గా నవ్వుతూ కూచుంటాను, అదీ మా పద్ధతి, ఈ పూట మాత్రం పదహారేళ్ళయినా నిండని ఉమైమా తలెత్తి సూటిగా నా మొహంలోకి చూసి, మళ్ళీ నా వయసుకొస్తే మీరు దీవి వదిలి వెళ్తారా మదామ్, అంది, మీరు వెళ్తానంటే నేనూ వెళ్తాను, మీరు ఏం చెప్తే అదే రాస్తాను, అని కూడా అంది, పడవకి వేళయిందమ్మా, సాయంత్రం లోపల ఫోన్ చేస్తాను, అని సంచీ భుజాన తగిలించుకుని బయటపడ్డాను, ఇప్పుడు లూద్, మా దీవికి తిరిగే పెద్ద పడవ, కదిలింది, వెనకాల రేవులో చేపల బళ్ళు చిన్నవైపోతున్నాయి, నేను పై అంతస్తులో కమ్మీ పట్టుకుని గాలికి ఎగిరే జుట్టు సర్దుకుంటూ నిలబడ్డాను.

పిల్లలకి చదువు దారి చెప్పడం నా ఉద్యోగం, ఆఫీసు నీళ్ళకవతల స్ఫాక్స్ పట్నంలో, చుట్టుపక్కల స్కూళ్ళన్నీ నావే, వాటిల్లో నేను పుట్టిన కెర్కెన్నా దీవి స్కూలూ ఒకటి, హైస్కూలు మొదటి ఏడు అయ్యేసరికి ప్రతి పిల్లా తన విభాగం ఎంచుకోవాలి, లెక్కలో సైన్సో టెక్నిక్కో ఎకనామిక్సో సాహిత్యమో, ఒకసారి ఎక్కాక మళ్ళీ దిగడం గగనం, ఇక మా వాళ్ళకి ఒక జబ్బుంది, మార్కులు బాగా వచ్చిన పిల్ల లెక్కలే తీసుకోవాలి, తీసుకోకపోతే బంగారంలాంటి మార్కులు మట్టిపాలు చేసిందని ఏడుస్తారు, సాహిత్యమంటే ఎటూ తేలనివాళ్ళని పోసే బుట్ట, పాపం సాహిత్యం, అందుకే దీవి మొత్తం మీద లెక్కల్లో మొదటిదైన ఈ ఉమైమా, చేపలు పట్టే లమీన్ బాబాయ్ కూతురు, కోరికల కార్డు మీద అన్నిటికంటే పైన సాహిత్యం అని రాసేసరికి స్కూల్లో గగ్గోలు పుట్టింది, హెడ్మాస్టరు నాకు ఫోన్ చేసి, మదామ్ దలెండా, రేపు విభాగాలు తేల్చే కౌన్సిలు కూచుంటుంది, ఇవాళ మీరు రాకపోతే ఈ పిల్ల నిండా మునుగుతుంది, మీరూ ఈ దీవి ఆడబిడ్డే కదా, మీ మాటైతే చెవికెక్కుతుంది, అన్నాడు, అంటే నేను పిల్లలకి చూపించే బొమ్మని అన్నమాట, ఇదిగో చూడండి, దీవి దాటి వెళ్ళింది, బాగుపడింది, అని.

బాగుపడ్డాను, నిజమే, అబద్ధమాడితే కళ్ళు పోతాయి, ఇల్లుంది, మా ఆయన నౌఫల్ మంచివాడు, అన్నంలో ఉప్పు సరిపోలేదని నేను ఎప్పుడు అన్నా, నీకు స్ఫాక్స్‌లో సముద్రానిక్కూడా ఉప్పు చాలదు, అని నవ్వుతాడు, నేనూ నవ్వుతాను, అతనికి తెలీదు, నిజంగానే చాలదు, మా కిటికీలోంచి చూస్తే రైలు గేటూ దాని వెనక మరో మేడా, ఆ మేడ మీద ఎవరో ఆరేసిన దుప్పటి గాలికి కొట్టుకుంటుంటే ఒక్కక్షణం తెరచాప అనిపించి గుండె ఎక్కడికో పోతుంది, ఇదిగో ఇప్పుడు పోతున్నట్టే, పడవ పక్కనుంచి నీళ్ళు ఆకుపచ్చగా జారిపోతున్నాయి, అడుగున గడ్డి కనిపించేటంత లోతు తక్కువ నీళ్ళు, ఆటుకి నీళ్ళు తగ్గినప్పుడు మేం ఈ నీళ్ళలో ఎంత దూరమైనా నడిచిపోయేవాళ్ళం, మోకాళ్ళ లోతు, వెనక్కి తిరిగి చూస్తే అమ్మ మాకు బొటనవేలంత కనిపించేది, ఎండలో దండెం మీద ఆరే ఆక్టోపస్ వాసన, బార్లీ నూక ఉడుకుతున్న వాసన, వద్దు, ఇది మొదలుపెడితే ఆగదు.

అందుకే నేను దీవికి పని ఉంటే తప్ప రాను, మబ్రూకా అక్క పండక్కి పిలుస్తుంది, నేను ఏదో ఒక వంక చెప్తాను, వస్తే వెళ్ళడం కష్టం, వెళ్ళేటప్పుడు ఈ కమ్మీ దగ్గర నిలబడి ప్రతిసారీ ఇదే అనుకుంటాను, నేను దారి తప్పాను, పదిహేనో ఏట మార్కులు చూసి ఎవరో స్ఫాక్స్ హాస్టలుకి పొమ్మన్నారు, పోయాను, ఎవరూ నన్ను అడగలేదు, నేనూ నన్ను అడగలేదు, దారి తప్పినదాన్ని ఇంకొకళ్ళకి దారి చెప్తున్నాను, అల్లా చూస్తూనే ఉన్నాడు.

ఇందాక స్కూలు గదిలో కూడా నా లోపల అదే గొడవ, లమీన్ బాబాయ్ రబ్బరు బూట్లు గుమ్మం దగ్గర విప్పి, తడి ప్యాంటుతో కుర్చీలో కూర్చోడానికి మొహమాటపడి గోడకి ఆనుకుని నిలబడ్డాడు, సముద్రంలో ఆయనకి వాళ్ళ తాతలనాటి చేపల కంచె ఉంది, ఖర్జూరపు మట్టలు బారుగా పాతి చేపల్ని బోను దాకా నడిపించే కంచె, ఉమైమా బుడిబుడి నడకలప్పటి నుంచీ నాన్న వెంట ఆ నీళ్ళలోనే ఉంది, నేను కార్డు తీసేసరికి ఆయన నవ్వి, నీదీ మా పనే కదమ్మా, మట్టలు పాతుతావు, చేప తన ఇష్టం మీదే వెళ్తున్నాననుకుంటుంది, అన్నాడు, నేనూ నవ్వాను, మరి మీ చేప ఎటూ కదలనంటోంది బాబాయ్, అన్నాను, దానికేం తెలుసు, చిన్నది, నువ్వు చెప్పు, నువ్వు వెళ్ళలేదూ, ఇవాళ మదామ్‌వి కాలేదూ, వాళ్ళమ్మ ఒక పక్క ఏడుస్తూనే హాస్టలుకని ఉన్ని పరుపు కుట్టేస్తోంది, అన్నాడు, మా అమ్మా కుట్టింది, ఆ పరుపు ఈ పడవ మీదే నా నెత్తిన పెట్టుకుని వెళ్ళాను.

సంగతేమిటంటే ఈ ఏడు దీవి స్కూల్లో లెక్కల విభాగానికి సరిపడా పిల్లలు తేలలేదు, లెక్కలు కావాలంటే స్ఫాక్స్‌లో చేరాలి, హాస్టల్లో ఉండాలి, సాహిత్యమైతే ఇక్కడే, నేను బాబాయ్‌ని కాసేపు బయట కూచోమని పిల్లని అడిగాను, నీకు కవిత్వమంటే ఇష్టమా ఉమైమా, లేదండీ, నిద్రొస్తుంది, అంది దాచుకోకుండా, మరి లెక్కలు ఇక్కడే పెట్టారనుకో, అన్నాను, ఆ మొహం చూడాలి, దీపం పెట్టినట్టయింది, అయితే లెక్కలే మదామ్, ఇంకోటి ఎందుకు, నాన్న కంచె మలుపు ఎంత వంగితే చేప వెనక్కి తిరగదో నేను బొమ్మ గీసి ఇచ్చాను, నాన్న నవ్వాడు గానీ అలాగే పాతాడు, అంది, ఆ తర్వాత దీపం ఆరిపోయింది, అక్కడ సాయంత్రాలు ఎలా ఉంటాయి మదామ్, నీళ్ళు కనబడవట కదా, నేను ఉండలేనేమో, అంది.

ఉండు, అని నోటి చివరిదాకా వచ్చింది, ఉండిపో తల్లీ, నాలా అవకు, నిద్రొచ్చే పాఠాలైనా సరే, సాయంత్రం అవగానే నీళ్ళలోకి దిగు, నేను ఒక్క మాటంటే చాలు, కౌన్సిల్లో నా మాట చెల్లుతుంది, ఈ పిల్లని ఇక్కడే ఉంచేస్తే నేను ఉండిపోయినట్టే అనిపించింది, పదిహేనేళ్ళ దలెండాని చెయ్యి పట్టుకుని పడవ మెట్ల మీంచి దింపేసినట్టే, ఎంత తియ్యగా ఉందో ఆ ఆలోచన, సరిగ్గా అప్పుడే అడిగింది, మీరు వెళ్తారా మళ్ళీ, అని, ఆ పిల్ల నన్ను అడిగితే నేను పడవ పేరు చెప్పి పారిపోయాను.

చల్లగాలి పెరిగింది, కిందనుంచి ఎవరో టీ తాగుతారా అని అరుస్తున్నారు, వద్దు, దీవి ఇప్పుడు నీళ్ళ మీద గీత గీసినట్టుంది అంతే, ఎత్తయినది ఏదీ లేదు దానిమీద, ఖర్జూరపు చెట్లే ఎత్తు, దూరపు కొండలు నునుపు అంటారు గానీ మా దీవిలో కొండ అనేదే లేదు కదా, మరి ఇదెందుకు ఇంత నునుపు, మధ్యాహ్నం అక్క ఇంట్లో తిన్న ఆక్టోపస్ కూర కారం ఇంకా నాలుక మీదే ఉంది, అక్క ఎప్పట్లాగే నా బట్ట పట్టుకు చూసి, స్ఫాక్స్‌లో కొన్నావా, ఎంత బాగుందే, అంది, నేనేమో ఆవిడ గుమ్మంలోంచి కనిపించే నీళ్ళని చూస్తున్నాను, నీకేం అక్కా, రాణివి, పొద్దున లేస్తే సముద్రం, అన్నాను, అక్క పళ్ళెం తీస్తూ నవ్వింది, సముద్రానికేం, అది ఎటూ పోదు నాలాగే, సాయంత్రం నీ పడవ వెళ్తుంటే మేడెక్కి చూస్తాను, నువ్వుండే పడవనే కాదు, ఏ పడవైనా, కనబడ్డంతసేపూ అందులో నేనూ ఉన్నాననుకుంటాను, పిచ్చిదాన్ని కదూ, అంది, నేను వేళాకోళమనుకుని, ఈసారి నా సంచీలో వేసుకుపోతాలే, అన్నాను, అక్క చాలాసేపు పళ్ళాలు కడిగింది.

అక్కకి మార్కులు రాలేదు, ఉండిపోయింది, కుట్టుపని నేర్చుకోడానికి స్ఫాక్స్ వెళ్తానని నాన్న చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది, ఒక ఇంట్లోంచి ఒక్కతి పోయింది చాలు అన్నాడు నాన్న, అయితే ఇప్పుడు, ఈ క్షణంలో, అక్క మేడ మీద ఉండే ఉంటుంది, చేత్తో కళ్ళకి నీడ పట్టుకుని ఈ పడవని చూస్తూ ఉంటుంది, నేను ఇక్కణ్ణుంచి ఆ మేడని వెతుక్కుంటున్నాను, నేను అటూ తను ఇటూ, మధ్యలో ఈ నీళ్ళు, యా రబ్బీ, ఉండిపోయిన మనిషికీ ఇదేనా, ఉండిపోతే తీరిపోతుందనుకున్నానే, ఇంతకాలం నా బెంగంతా ఆ ఒక్క నమ్మకం మీదే కదా నిలబడింది, ఉండి ఉంటే ఈ నొప్పి ఉండేది కాదని, అక్క ఉండిపోయింది, ఉంది, అక్కకీ ఉంది.

మరైతే ఈ నొప్పిని అడిగితే ఏం లాభం, అది ఎటు నిలబడితే అవతలి వైపు చూపిస్తుంది, ఇంకేదైనా అడగాలి, ఉమైమా మొహంలో వెలిగింది చూశానే, దాన్ని అడగాలి, నాకూ ఒకప్పుడు వెలిగింది, మర్చిపోయానా, మర్చిపోలేదు, పక్కన పెట్టాను, హాస్టల్లో మొదటి చలికాలం, జామెట్రీ క్లాసు, వృత్తం బయట ఒక చుక్క, పంతులమ్మ చెప్పిన దారి నాకు ఎంతకీ ఎక్కక నా దారిన నేను గీసుకుంటూ పోయాను, లెక్క తేలింది, ఆవిడ వచ్చి నా కాగితం ఎత్తి చూసి, ఇది నీకెవరు చెప్పారు, అంది, ఎవరూ చెప్పలేదు, ఒళ్ళంతా వెచ్చబడింది, ఆ రోజు సాయంత్రం నేను దీవిని తలుచుకోలేదు, పడుకునే ముందు ఆ సంగతి గుర్తొచ్చి, తలుచుకోలేదేమని ఏడ్చాను, ఏడుపే గుర్తుంచుకున్నాను ఇన్నేళ్ళూ, వెచ్చబడిన ఒళ్ళు గుర్తుంచుకోలేదు, ఆ ఒక్క పూటని ఎవరైనా తీసుకుని బదులుగా ఈ నీళ్ళన్నీ ఇస్తానంటే ఇస్తానా, ఇవ్వను, ఆశ్చర్యంగా ఉంది, నిజంగా ఇవ్వను, ఆ తర్వాత నేను లెక్కల మనిషిని కాలేదు, కాకపోనీ, బల్లకి అవతల ఏ పిల్ల మొహంలోనైనా అది వెలిగితే నేను ఇట్టే పోల్చుకోగలుగుతున్నాను, ఎక్కడ నేర్చుకున్నాననీ ఇది.

ఫోన్ తీశాను, సిగ్నల్ ఒక గీతే ఉంది, లమీన్ బాబాయ్ ఎత్తాడు, గాలి హోరు, ఆ చెప్పమ్మా, అన్నాడు కంగారుగా, పిల్లకివ్వండి బాబాయ్ అన్నాను, ఉమైమా అందుకుంది, వెళ్తానమ్మా, అన్నాను, మళ్ళీ పుట్టినా ఈ పడవే ఎక్కుతాను, ఎక్కి ఏడుస్తాను కూడా, నీకు అబద్ధం చెప్పను, అక్కడ సాయంత్రాలు బాగుండవు, చాలా ఏళ్ళు బాగుండవు, మరి ఏడుపొస్తే తప్పు చేశామని కాదా మదామ్, అంది, కాదు, అన్నాను, అలా అనుకునే నేను ఇన్నాళ్ళు పండక్కి కూడా రాలేదు, ఇకనించి శనివారం శనివారం వస్తాను, నువ్వూ వస్తే పడవలో నా పక్కన కూచో, సరే మదామ్, అంది, లెక్కలని రాస్తాను, అంది, ఫోన్ పెట్టేసి కమ్మీ మీద వాలిపోయాను, దీవి ఇక కనబడటం లేదు, కళ్ళలో నీళ్ళు వచ్చాయి, ఎప్పుడూ వచ్చేవే, రానీ, దీవి మీద నాకున్న ప్రేమ ఇది, అంతకుమించి ఏమీ కాదు, నేను దారి తప్పలేదు.