దూదికి ఎవరూ ఏమీ పెట్టరాదు

కిటికీలోంచి పడే ఎండలో ఒక తెల్ల వెంట్రుక తేలుతోంది.

పైకి పోదు. కిందికి రాదు.

దాని కింద మా పిల్లి, దూది. వెనక కాలెత్తి మెడ గోక్కుంటోంది. గర్ర్... గర్ర్... గర్ర్...

పేరు పెట్టిన రోజున ఒళ్ళంతా దూదే. ఇప్పుడు మెడ మీద బోడి మచ్చ. గులాబీ రంగులో. గోరు తగిలిన చోటల్లా నెత్తురు చుక్క.

పౌడరు అయింది. పూత అయింది. షాంపూ అయింది — దానికి ఒకసారి, నాకు మూడుసార్లు. మెడకు గరాటు లాంటి పట్టీ తొడిగితే, గుమ్మాలన్నీ గుద్దుకుంటూ, తప్పు గుమ్మాలదే అన్నట్టు చూసింది.

చివరికి డాక్టరమ్మ అంది — "ఏదో తిండి పడటం లేదమ్మా. ఎనిమిది వారాలు ఈ డబ్బాలో తిండి ఒక్కటే. ఇంకేదీ నాకనివ్వకూడదు. ఇదీ పనిచేయకపోతే ఇక ఎప్పటికీ సూదిమందులే. వాటితో షుగరు రావచ్చు."

పిల్లికి షుగరు!

"పోనీలే, నాకు తోడు" అన్నారు అత్తయ్య. అని, దాని తల నిమిరారు.

ఫ్రిజ్ మీద కాగితం అంటించాను. 'దూదికి ఎవరూ ఏమీ పెట్టరాదు.' కింద సంతకాలు.

"ఇది ఇల్లా, పోలీస్ స్టేషనా?" అన్నారు మా ఆయన. పెట్టారు సంతకం.

మూడు వారాలు. నాలుగు. ఐదు...

గర్ర్... గర్ర్...

ఇంట్లో దొంగ ఉన్నట్టే.

ఆయన జేబులు తడిమాను. బిస్కెట్టు పొడి. "అది నేను తిన్నదేనే తల్లీ!" అత్తయ్య భోంచేస్తుంటే బల్ల కింద వంగి చూశాను. "వెతుక్కో అమ్మా, నా కాళ్ళు తప్ప ఏమీ లేవు" అన్నారు.

ఆరో వారం డాక్టరమ్మ అడిగింది — "నిజంగా ఎవరూ ఏమీ పెట్టలేదా?"

"సంతకాలున్నాయండీ" అన్నాను, ఠీవిగా.

మర్నాడు పొద్దున. పాలు కాచి, మీగడ తీశాను. మీగడ అంటిన నా వేలు దానంతట అదే కిందికి వెళ్ళింది. ఎప్పటిలాగే. గరుకు నాలుక, వెచ్చగా, ఒక్కసారి... రెండుసార్లు... ఆ వేళప్పుడు ఈ ఇంట్లో నన్ను పలకరించేది ఆ నాలుక ఒక్కటే. దాన్ని తిండి అని ఎవరనుకుంటారు?

గుమ్మంలో అత్తయ్య. ఎంతసేపటి నుంచి నిలబడ్డారో.

"సంతకం చేసింది మేమిద్దరమే కదమ్మా" అన్నారు. మెల్లగా. నవ్వకుండా. నవ్వినా బాగుండేది.

మూడో సంతకం నాది. కొంచెం వంకరగా వచ్చింది.

మళ్ళీ మొదటి రోజు.

ఇవాళ పాలు కాచాను. మీగడ తీశాను. వేలు కడుక్కున్నాను — సబ్బుతో. దూది వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుంది. వేలు వంక చూసింది. నా వంక చూసింది. నేను కుళాయి వంక చూశాను.

దురద మీగడ వల్లేనా... ఇంకేదైనా ఉందా... తేలడానికి ఇంకా ఎనిమిది వారాలు.

అది వెళ్ళి ఎండలో కూర్చుంది. వెనక కాలెత్తింది.

ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంది. నేను ఊపిరి బిగబట్టాను.

దాని పైన ఒక తెల్ల వెంట్రుక —

పైకి పోదు. కిందికి రాదు.