మూసీ దాటిన చిలకలు

హుస్సేనీ ఆలంలోని వహీదా ఇంట్లో పొద్దున్నే మొదటి పని కిటికీ తెరవడం. షాదీ కార్డుల కోసం ఆమె ముందురోజు గీసిన చిలకలు కాగితం మీంచి లేచి బయటికి పోయేవి. ఎదురింటి సక్కుబాయి డాబా మీద మిరపకాయలు ఎండబోస్తూ వాటికి రెండు విసిరేది. పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినిపించే వేళకు తిరిగొచ్చి దేని చోట్లో అది ఒదిగి కూర్చునేవి. మర్నాడు వహీదా ఆ కాగితం ఛత్తా బజార్ ప్రెస్సులో ఇచ్చి వచ్చేది. భర్త పోయినప్పటినుంచి ఇల్లు గడిచింది, కూతురు జైనబ్ ఇంటర్ దాకా చదివింది ఆ చిలకల మీదే.

రంజాన్ వెళ్లాక మూసీ నది అవతలి పెద్ద కార్డుల కంపెనీ నుంచి అనురాగ్ అనే అబ్బాయి వచ్చాడు. "మీ డిజైన్లు దేశమంతా పోతయ్ మేడం" అన్నాడు. అతను ముందు పెట్టిన ఒప్పందం కాగితం ఇంగ్లీషులో ఉంది. జైనబ్ కాలేజీలో ఉంది. అచ్చేసుకోవడానికి అనుమతే కదా అనుకుని వహీదా సంతకం చేసింది.

ఆ సాయంత్రం చిలకలు రాలేదు.

"మూసీ దాటి అటే పోయినయ్ బీబీ, నేను చూసిన" అంది సక్కుబాయి.

కొత్తవి గీసింది. అవీ అటే పోయాయి. ప్రెస్సుకు తీసుకుపోవడానికి తెల్ల కాగితాలే మిగిలాయి.

వకీలు వైకుంఠం ఒప్పందాన్ని రెండుసార్లు చదివాడు. "ఛాపుకొమ్మని ఇజాజత్ ఇయ్యలేదమ్మా నువ్వు. బొమ్మల మీద హక్కే రాసిచ్చినవ్."

"ఎన్నేండ్లకు సాబ్?"

"ఏండ్లు రాయకపోతే అయిదేండ్లకు నీకే వాపసొచ్చేది. గీండ్ల ఎప్పటికీ అని రాసిండ్రు. ఇగ మీద గీసేటియి గూడ వాళ్లయే."

"చెయ్యి నాదే కద సాబ్?"

వైకుంఠం కాగితాన్ని పాత మడతల మీదే మడిచి ఆమె చేతికిచ్చాడు.

అనురాగ్‌కు ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడాడు. అది తన చేతుల్లో లేదన్నాడు. ఒకనాడు ఆబిడ్స్‌లో కంపెనీ దుకాణం అద్దం వెనక తన చిలకలు వరసగా కనిపించాయి. వహీదా చాలాసేపు నిలబడింది. ఒక్కటీ తల తిప్పలేదు.

నర్సింగ్ కాలేజీలో చేరే ఫారం ఇవ్వడానికి ఆఖరి వారంలో, ఒక మధ్యాహ్నం, జైనబ్ నోటుబుక్కులో ఒక చిలకను గీసింది. వంకరటింకర చిలక. అది లేచి వంటింట్లో ఒక చుట్టు తిరిగి, బయటికి పోయి, మగ్రిబ్‌కు బుద్ధిగా వచ్చి పేజీలో కూర్చుంది.

"ఆ కాగితం మీద నేను దస్తఖత్ పెట్టలే కద అమ్మీ" అంది జైనబ్ మెల్లగా.

వహీదా నోటుబుక్కు మూసేసింది. "నువ్వు నర్సమ్మవు కావాలె బేటా. ఇది వద్దు."

"మరి ఇల్లెట్ల నడుస్తది?"

జైనబ్ ఫారాన్ని బోర్లించి, దాని వెనక ఇంకో చిలక మొదలుపెట్టింది. రెక్క కింది గీత తప్పుగా పోతోంది. కాస్త లోపలికి తిప్పితే చాలు. వహీదా చెయ్యి సగం దాకా వెళ్లింది. తన వేలు తగిలితే ఇదీ మూసీ దాటుతుంది. చేతులు రెండూ దుపట్టాలో చుట్టుకుని, ఆ తప్పు గీత చివరిదాకా పోయేవరకు చూస్తూ కూర్చుంది.