అతిమధురం చాయ్

పోశమ్మ కాచే చాయ్‌లో చాయ్‌పత్తా ఉండదు. నిమ్మగడ్డి, పుదీనా, దంచిన అల్లం, వాటితో పాటు అతిమధురం వేరు ముక్కలు వేసి మరిగిస్తుంది. నిమ్మగడ్డిని సూరత్‌లో లీలీ చా అంటారు, కూరగాయల బండి మీదే దొరుకుతుంది. అతిమధురం మాత్రం మూలికలమ్మే ముసలాయన దుకాణంలో కొంటుంది.

సూరత్ శివారు అమ్రోలిలోని ఒక మరమగ్గాల షెడ్డులో ఆమెది కండెలు చుట్టే పని. భర్త పోయి ఆరేళ్లయింది. పక్క గదిలో మొండయ్య, సమ్మక్క ఉంటారు. వాళ్లదీ కరీంనగర్ జిల్లాయే. మొండయ్య అదే షెడ్డులో మగ్గాలు నడుపుతాడు. నూలు దుమ్ముకి షెడ్డులో దగ్గని మనిషి లేడు గానీ, మొండయ్య దగ్గు గోడ అవతలికి వినిపించేది. తొంభై ఆరు దసరా వెళ్లాక ఒకనాడు పోశమ్మ గిన్నెడు చాయ్ పట్టుకెళ్లి ఇచ్చింది. వారం తిరక్కుండా దగ్గు సగం తగ్గింది.

"పోశక్కా, నీ చాయ్ గొంతుల పడంగనే పానం నిమ్మలమైతున్నదే" అన్నాడు మొండయ్య.

ఆ మాటకి ఆమె కడుపు నిండిపోయింది. భర్త పోయాక ఆమె చేతిది ఏదైనా కావాలని అడిగినవాళ్లు లేరు. ఇప్పుడు మొండయ్య పొద్దునొకసారి, సాయంత్రం ఒకసారి అడుగుతున్నాడు, షెడ్డుకి సీసాలో పోసుకుపోతున్నాడు. అతన్ని చూసి పక్క మగ్గం లస్మయ్య అడిగాడు, ఇంకో ఇద్దరు ముగ్గురు అడిగారు. వేరు ఎక్కువ వేస్తే చక్కెర అక్కర్లేకుండానే తియ్యగా ఉంటుంది. మొండయ్యకి చిక్కగా ఉంటే ఇష్టం. పోశమ్మ రోజురోజుకీ ఇంకో రెండు ముక్కలు వేస్తూ పోయింది.

సంక్రాంతి దాటేసరికి మొండయ్యకి పాదాలు ఉబ్బాయి. తలనొప్పి అనేవాడు. ఫిబ్రవరిలో ఒక ఉదయం, తెగిన పోగు ముడి వేయడానికి వంగినవాడు మళ్లీ లేవలేకపోయాడు. కాళ్లు తనవి కానట్టు చూసుకుంటూ మగ్గం పక్కనే కూలబడ్డాడు. రిక్షాలో ఎక్కించి తాపీ నది అవతలి సర్కారు దవాఖానకి తీసుకెళ్లారు.

సమ్మక్క సూరత్ వచ్చి రెండేళ్లే అయింది, హిందీ రాదు. అందుకని పోశమ్మ పనికి సెలవు పెట్టి వెంట వెళ్లింది. డాక్టరమ్మ చిన్న వయసు గుజరాతీ పిల్ల. ఆమె హిందీలో అడిగింది పోశమ్మ తెలుగులో చెప్పేది, సమ్మక్క చెప్పింది హిందీలోకి మార్చేది.

"ఏమన్న దవా తింటడా అని అడుగుతుంది చెల్లె."

"దవా లేదు, గోలీ లేదు. సూది అంటెనే ఉరుకుతడు గాయన" అంది సమ్మక్క.

పోశమ్మ అదే చెప్పింది. చాయ్ కూడా లెక్కలోకి వస్తుందని ఆ ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

బీపీ బాగా ఎక్కువుందని, రక్తంలో పొటాషియం బాగా పడిపోయిందని డాక్టరమ్మ చెప్పింది. కండరాలకు బలమిచ్చే ఉప్పు అది, గుండె కూడా కండరమే కాబట్టి జాగ్రత్తగా చూడాలంది. సెలైన్‌లో పొటాషియం కలిపి ఎక్కించారు. మూడు రోజులైనా పొటాషియం కాస్త పెరగడం, మళ్లీ పడిపోవడం. ఎందుకో డాక్టరమ్మకు అంతుపట్టలేదు. ఆ మూడు రోజులూ పోశమ్మ పొద్దున్నే ఫ్లాస్కు నిండా చాయ్ తెచ్చి అతని చేత తాగించింది. నీరసంగా ఉన్నాడు కదా అని ఇంకా చిక్కగా కాచింది.

నాలుగో రోజు వేరు అయిపోతే దుకాణానికి వెళ్లింది.

"మొన్ననే కదమ్మా కొన్నావు? ఎంతమంది తాగుతున్నారు?" అని ముసలాయన హిందీలో అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన పొట్లం కట్టే చేతిని ఆపాడు. "దీన్ని చిటికెడు, నాలుగు రోజులు వాడాలి. నెలల తరబడి ఇస్తే వాపులొస్తాయి, బీపీ పెరుగుతుంది. మా నాన్న బీపీ ఉన్నవాళ్లకి అసలు ఇచ్చేవాడు కాదు."

పోశమ్మ పొట్లం తీసుకోకుండానే బయటికొచ్చింది. రోడ్డు మీద రిక్షాలు పోతున్నాయి, ఎటు దాటాలో తెలియనట్టు నిలబడిపోయింది. ఆ పొద్దున మిగిలిన ముక్కలతో కాచి ఫ్లాస్కులో పోసుకొచ్చింది మోరీలో పారబోసింది. ఇక ఇవ్వకపోతే చాలు, మెల్లగా తగ్గిపోతుంది, ఎవరికీ తెలియాల్సిన పని లేదు అనుకుంది.

దవాఖానకి వెళ్లేసరికి డాక్టరమ్మ మంచం దగ్గరే ఉంది. ఈసారి ప్రశ్న వేరుగా వచ్చింది.

"దేశీ మందు, కషాయం, చెట్లు, వేర్లు, ఏదైనా ఇంట్లో తాగుతాడా? ఆమెను సరిగ్గా అడుగు."

సమ్మక్క పోశమ్మ మొహంలోకి చూసింది, మాట తన దాకా వస్తుందని ఎదురుచూస్తూ. పోశమ్మ ఆమె వైపు తిరగలేదు.

"నహీ, మేడం" అంది.

"ఏమంటుందక్కా?"

"బువ్వ తింటున్నడా అని అడిగింది."

మర్నాటికి మొండయ్య గుండె కొట్టుకోవడం లయ తప్పింది. చాయ్ ఆపేశాను కదా, ఇంకా ఎందుకు తగ్గలేదని పోశమ్మకు భయం పట్టుకుంది. డాక్టరమ్మ ఇద్దరినీ బయటికి పిలిచింది. మూత్రపిండం పైన గడ్డ ఉందేమోనని అనుమానం, స్కానింగ్ చేయాలి, గడ్డే అయితే ఆపరేషన్ పడుతుంది, ఆ సంగతి భార్యకు చెప్పమంది.

పోశమ్మ నోట గడ్డ, ఆపరేషన్ అనే రెండు మాటలు విని సమ్మక్క అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. "కోస్తరా అక్కా? కోస్తె బతుకుతడా?" అంటూ పోశమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుంది.

పోశమ్మ ఇక ఉండలేకపోయింది. ఏ వేరు, రోజుకి ఎన్నిసార్లు, ఎన్ని నెలలుగా, మొన్నటిదాకా దవాఖాన మంచం మీద కూడా తాగించిన సంగతి, అంతా గడగడా హిందీలో చెప్పేసింది. డాక్టరమ్మ రాసుకుంటూ విన్నది. కోప్పడలేదు.

"ఆ వేరుకి గొంతును మెత్తబరిచే గుణం ఉంది. దగ్గు తగ్గిందంటే నమ్ముతాను. కానీ దానికి తీపినిచ్చే పదార్థమే రోజూ ఎక్కువగా లోపలికి పోతే ఒంట్లో ఉప్పునీ నీళ్లనీ నిలిపేస్తుంది, పొటాషియంను బయటికి తోసేస్తుంది. ఆపిన వెంటనే పోదు, రెండు మూడు వారాలు ఒంట్లో పనిచేస్తూనే ఉంటుంది. ఇదే కారణమైతే ఆపరేషన్ అక్కర్లేదు." రాసుకోవడం ఆపి అడిగింది, "నిన్న లేదన్నది ఎవరు? ఆమెనా, నువ్వా?"

"నేనే."

"అయితే ఇది ఆమెకు నువ్వే చెప్పు."

పోశమ్మ సమ్మక్క పక్కన కూర్చుంది. ఈసారి చేరవేయాల్సింది తన మాటే. "కోయరట చెల్లె. గడ్డ గిడ్డ ఏం లేదు కావచ్చు. నా చాయ్‌తోనే గిట్లయింది."

సమ్మక్క తలెత్తింది. "మరి నిన్న డాక్టరమ్మ గిది అడగలేదా?"

"అడిగింది. నేనే నీకు చెప్పలే."

సమ్మక్క చేయి కుచ్చిళ్ల మీంచి జారింది. "చాయ్ పోసినందుకు నేనేమనక్కా, మంచికే పోస్తివి. నన్ను అడిగిన మాటను నా దాకా రానియ్యకపోతివి గద. గుడ్డిదాని లెక్క నీ మొకం దిక్కే చూసుకుంట కూసున్న."

ఆమె లేచింది. లోపలికి వెళ్లి మొండయ్య కాళ్ల దగ్గర కూర్చుంది.

డాక్టరమ్మ అనుకున్నట్టే పన్నెండు రోజుల్లో మొండయ్య తన కాళ్ల మీద నడిచి ఇంటికొచ్చాడు. ఈలోగా పోశమ్మ షెడ్డులో తన చాయ్ తాగిన ఒక్కొక్కరి మగ్గం దగ్గరికీ వెళ్లి, చప్పుడులో వినపడేలా అరిచి చెప్పింది, ఇక తాగొద్దని, బీపీ చూపించుకోమని. లస్మయ్య నవ్వాడు. "నాకేమైందే? గుండులెక్కున్న." ఆమె వదల్లేదు, రెండు రోజులు వెంటపడి పంపించింది. అతనిదీ ఎక్కువే ఉందని తేలింది. ఆ తర్వాత అన్నం డబ్బాలు విప్పే వేళ ఎవరూ ఆమెను పిలవలేదు.

షెడ్డు దుమ్ము ఎక్కడికీ పోలేదు కనుక మొండయ్య దగ్గు తిరిగొచ్చింది. ఒకరోజు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"జర సగం గిలాసన్న పొయ్యరాదు పోశక్కా. గొంతు కోసుకపోతున్నది."

"వద్దు తమ్మీ. ఊపిరితిత్తుల డాక్టరుకు చూపెట్టుకో. ఛాతి ఫోటో తీస్తరు. నేనొచ్చి మాట్లాడుత."

"నువ్వొస్తె సమ్మక్క ఒప్పుకోదే" అన్నాడతను, తల దించుకుని.

అయినా సరే, చూపించుకునే రోజు పోశమ్మ పని మానేసి, ఉతికిన చీర కట్టుకుని తన గుమ్మంలో నిలబడింది. సమ్మక్క బయటికొచ్చింది. వెనక మొండయ్య, పక్కన వీధి చివరింటి సంధ్యారాణి. తొమ్మిదో తరగతి చదివే ఆ పిల్ల ఇక్కడే పుట్టింది, హిందీ, గుజరాతీ గడగడా మాట్లాడుతుంది.

"వాళ్లు అడిగింది అడిగినట్టు నాకు చెప్పాలె బిడ్డా. ఒక్క మాట ఇడువొద్దు" అంటోంది సమ్మక్క.

"చెప్త ఆంటీ, అంతా చెప్త."

మొండయ్య ఒకసారి వెనక్కి తిరిగాడు. "పోయొస్తం పోశక్కా" అన్నాడు. సమ్మక్క నడక ఆపలేదు. ముగ్గురూ రోడ్డు మలుపు తిరిగి కనిపించకుండా పోయేదాకా నిలబడి, పోశమ్మ తలుపుకి గొళ్లెం పెట్టి షెడ్డు వైపు నడిచింది.