ఉన్నదున్నట్టు గీసేవాడు

సాలొమోను గీసిన కొండల్లో చాలావరకు తెల్లారేసరికి ఆ రూపంలో మిగిలేవి కావు.

కార్గిల్ యుద్ధంలో అతను ఫిరంగి దళంలో ఉండేవాడు. రాళ్ల చాటున బోర్లా పడుకుని ఎదుటి శిఖరాన్ని పెన్సిలుతో కాగితం మీదికి దించడం అతని పని. ఏ బండ వెనక గుడారముందో, ఎక్కడ పొగ లేస్తోందో గుర్తుపెట్టి కిందికి పంపేవాడు. మిగతాది ఫిరంగులు చూసుకునేవి. అధికారులు మెచ్చుకునేవారు. అతను మాత్రం బొమ్మ పంపాక అటువైపు చూసేవాడు కాదు.

సైన్యం వదిలాక నోయిడాలో ఒక వారపత్రికలో చేరి కథలకు బొమ్మలు వేశాడు. వానలో గొడుగులు, రైలు కిటికీలు, పెళ్లిపందిళ్లు. వాటివల్ల ఎవరికీ ఏమీ కాలేదు. నిద్రలో ఉలిక్కిపడటం మానేశాడని నర్సుగా చేసే భార్య ప్రేమకుమారి చర్చిలో సాక్ష్యం కూడా చెప్పింది.

పోయినేడు పత్రిక చేతులు మారింది. కథల పేజీలు పోయాయి. రంగనాథ్ అనే హైదరాబాదు మనిషి ఎడిటర్‌గా వచ్చాడు. ఒకరోజు సాలొమోనును పిలిచి, కూర్చోబెట్టి, టీ తెప్పించాడు.

ఒక పెద్దమనిషి కొడుకు ఫుట్‌పాత్ మీద పడుకున్న కూలీల మీదికి కారెక్కించిన కేసు నడుస్తోంది. కళ్లారా చూసింది ఒకే ఒక్కావిడ. ఆమె ఎవరో ఎక్కడా రాయకూడదని కోర్టు చెప్పింది. ఈసారి కవర్‌స్టోరీ ఆమె మీదే.

"పేరు రాయం, ఫొటో వెయ్యం. ఆమె ఉండే గల్లీ, ఇల్లు మీ చేత్తో రావాలె. ఉన్నదున్నట్టు రావాలె. ఆర్మీల గీసిండ్రు కదా, గట్లనే," అన్నాడు రంగనాథ్ నెమ్మదిగా.

సైన్యంలో ఏం గీసేవాడో సాలొమోను ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. అయినా తలూపి బయటికొచ్చాడు. కాదనడం అతనికి ఏనాడూ అలవాటు లేదు.

నోయిడా పక్కనే ఉన్న వైశాలిలో ఆ ఇంటి ఎదుట జ్యూస్ బండి పక్కన నిలబడ్డాడు. అలవాటు కొద్దీ చెయ్యి చాచి, ఒక కన్ను మూసి, గేటు ఎత్తును బొటనవేలితో కొలిచాడు. అంతలో పై బాల్కనీలోకి ఒకావిడ తడిబట్టలతో వచ్చింది. పళ్ల మధ్య క్లిప్పు పట్టుకుని చీర దులుపుతోంది. కొండల మీద అతనికి ఎప్పుడూ పొగే తప్ప మనుషులు కనిపించలేదు. వేలు కిందికి దిగిపోయింది.

వీధి మలుపులో ఒక తెల్లకారు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. అందులోని మనిషి అతన్ని చూసి, తోటి ఉద్యోగిని పలకరించినట్టు తలూపాడు.

మర్నాడు సాలొమోను ఆ ఇంటికి లేని గేటు, లేని మెట్లు గీసి ఇచ్చాడు. రంగనాథ్ కోప్పడలేదు. ఫోను తీసి ఆ ఇంటి ఫొటో బొమ్మ పక్కన పెట్టాడు.

"ఫొటో వేస్తే మేం ఇరుక్కుంటం. బొమ్మయితే ఊహ అని చెప్పొచ్చు. మీరు వెయ్యకుంటే కంప్యూటర్ వేస్తది. సాయంత్రం ప్రెస్‌కు పోతది."

సాలొమోను తిన్నగా వైశాలి వెళ్లి ఆ తలుపు కొట్టాడు. ఆమె పేరు ఉష, స్కూల్లో లెక్కల టీచరు. గొలుసు తీయకుండా తలుపు సందులోంచే అంతా విన్నది. రక్షణ కావాలని పోలీసులను అడిగితే ఇంకా చూస్తున్నామంటున్నారని చెప్పింది.

"నా ఇల్లు మీకెవరు చూపించారంకుల్?"

"గీయడానికి నన్నే పంపారమ్మా."

ఆమె చాలాసేపు అతని చేతుల వంక చూసింది. తర్వాత గొలుసు తీసింది. వెనక మెట్ల మీదుగా దిగి ఇద్దరూ మెట్రో ఎక్కారు. జనక్‌పురిలో సాలొమోను ఇంట్లో ప్రేమకుమారి ఒక్క ప్రశ్నా వేయకుండా లోపలి గదిలో పక్క వేసింది.

కంప్యూటర్ వేసిన బొమ్మతో పత్రిక బయటికొచ్చిన రోజే వైశాలిలో ఆ ఇంటి తలుపు బద్దలైంది. ఉష వార్త చదివి, కలుపుతున్న అన్నం పక్కకు నెట్టింది. సాలొమోను ఆఫీసుకు వెళ్లడం మానేశాడు. ఉష సాక్ష్యం చెప్పాల్సిన వాయిదా ముందురోజు రంగనాథ్ ఫోన్ చేసి, ఆవిడ ఎక్కడుందో ఏమైనా తెలుసా అని అడిగాడు. తెలియదన్నాడు సాలొమోను.

"అచ్ఛా. ప్రేమకుమారి గారు బాగున్నరా?" అని పెట్టేశాడు.

వాయిదా నాడు భార్యాభర్తలిద్దరూ ఆమెను మధ్యలో నడిపించుకుంటూ కోర్టుకు తీసుకెళ్లారు. ఉష చూసింది చూసినట్టు చెప్పింది. జడ్జిగారి ఆదేశంతో పోలీసులు ఆమెను అక్కడి నుంచే మరో చోటికి తరలించారు. ఎక్కడికో వీళ్లకు చెప్పలేదు. వీళ్లూ అడగలేదు.

తిరిగొచ్చేటప్పుడు మెట్రోలో సాలొమోనుకు చాలా ఏళ్ల తర్వాత గుండె తేలికపడింది. ఆ మాటే భార్యతో అనబోయాడు. ప్రేమకుమారి అతని మోచేయి నొక్కింది.

"ఎదురు సీటులో ఆయన కోర్టు వరండాలో మన వెనకాలే నిలబడ్డాడండీ. అటు చూడకండి."

జనక్‌పురి వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. వాళ్లు లేవలేదు. ఎదుటివాడూ లేవలేదు. తలుపులు మూసుకుని బండి కదిలింది.