మైదానం దాకా

మా స్కూల్లో ఒక ఆనవాయితీ ఉంది. ప్రతి శుక్రవారం పిల్లలు ఒక బైబిల్ వాక్యం కంఠతా అప్పజెప్పాలి. అప్పజెప్పిన వాళ్ల పేరు ఎదురుగా గోడ మీది చార్టులో ఒక నక్షత్రం అంటిస్తాం. ఏడాది చివర ఎవరికి ఎక్కువ నక్షత్రాలుంటే వాళ్లు తల్లిదండ్రుల రోజున చాపెల్లో అందరి ముందూ నిలబడి వాక్యం చదువుతారు. ఇది పెట్టింది నేనే. ఇరవై ఆరేళ్ల సర్వీసులో నేను గొప్పగా చెప్పుకునే పని ఇదొక్కటే. అందులో ఉన్న లోపం ఒక మూడో తరగతి పిల్ల చూపించేదాకా నాకు కనపడలేదు.

ఆ పిల్లకి "టేప్‌రికార్డరు" అని పేరు పెట్టిందీ నేనే. ఒక్కసారి వింటే చాలు, ఎక్కడా తడబడకుండా అప్పజెప్పేది. ఆ ఏడాది ఒక్క నక్షత్రం కూడా తప్పలేదు.

తల్లిదండ్రుల రోజుకి మూడు వారాల ముందు చాపెల్లో రిహార్సల్ చేయించాను. తప్పిపోయిన గొర్రె కథ. పీట మీద నిలబడి, పేజీ మీద వేలు పెట్టి, గడగడా చదివేస్తోంది. నేను వెనక నిలబడి పేజీలోకి చూస్తున్నాను. కాపరి మిగతా గొర్రెల్ని "అడవిలో" వదిలాడంది. అది చర్చిలో చదివే పాత బైబిల్లోని మాట. మా స్కూలు పుస్తకం కొత్త అనువాదం. అందులో "మైదానంలో" అని ఉంది. వేలేమో అప్పటికే రెండు వరసలు కిందకి వెళ్లిపోయింది.

ఇంకో పేజీ తిప్పి, "ఇది చదువమ్మా" అన్నాను. పేజీ వదిలేసి నా మొహం చూసింది.

"అక్షరాలు వచ్చా?"

"కొన్ని వచ్చు టీచర్." తల వంచుకుంది. "గుణింతాలు కలిసిపోతాయి."

నా క్లాసులో పాఠం అందరూ కలిసి బిగ్గరగా చదువుతారు. ఆ గొంతులన్నిటి మీదా ఈ పిల్ల గొంతే వినపడేది. అదే చదువనుకుని ఏడాదంతా మురిసిపోయాను.

"చదివినట్టే చెప్పేస్తాను టీచర్. ఎవరికీ తెలీదు," అంది.

నిజం చెప్పొద్దూ, నాకూ ఆశ పుట్టింది. దాని పరువూ దక్కుతుంది, నా పరువూ దక్కుతుంది. కానీ దేవుడి పుస్తకం ముందు పెట్టుకుని నటించడం నేనే దగ్గరుండి నేర్పాలి. తలచుకుంటేనే సిగ్గేసింది. "దేవుడికి తెలుస్తుంది కదమ్మా" అనబోయి ఆగాను. తప్పు నా దగ్గర పెట్టుకుని, దేవుడి పేరు చెప్పి పిల్లని భయపెట్టడం ఏం న్యాయం?

"నేర్చుకుందాం," అన్నాను.

హెడ్‌మిస్ట్రెస్ గారు మాత్రం, "రెండో స్థానంలో ఉన్నవాడికి ఇచ్చేయండి, గొడవ వదిలిపోతుంది" అన్నారు.

"నక్షత్రాలిచ్చింది నేను. ఆ పిల్లని దించాలంటే ముందు చార్టు చింపాలి."

కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది, అది ఆవిడకీ తెలుసు. "మూడు వారాలు. అప్పటికీ రాకపోతే వాడే చదువుతాడు," అని ఊరుకున్నారు.

ఆ సాయంత్రం ఆ పిల్ల నాయనమ్మ పనిచేసే ఆసుపత్రి లాండ్రీకి వెళ్లాను. నాయనమ్మ రెండు కొసలు, మనవరాలు రెండు కొసలు పట్టుకుని దుప్పట్లు మడతపెడుతున్నారు. దుప్పటికో వాక్యం. నాయనమ్మ చెప్తుంటే పిల్ల వెంట అంటోంది. నేను సంగతి చెప్పేసరికి ఆవిడ చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది.

"నాకూ చదువు రాదు టీచరమ్మా. చర్చిలో విన్నవే దీనికి చెప్పాను. నేను చెప్పబట్టే ఇలా అయిందా?"

"లేదు పెద్దమ్మా. మీరు నేర్పాల్సింది మీరు నేర్పారు. నేర్పనిది నేనే."

ప్రతి దుప్పటి మూలా వార్డు పేరు ముద్ర వేసి ఉంది. నాయనమ్మ రంగు చూసి వేరుచేస్తుంది. రేపటి నుంచి ఈ పిల్ల ఆ వార్డు పేరు చదివి వేరుచేయాలన్నాను. మొదటి వారం కంటి వార్డు దుప్పట్లు ఎముకల వార్డుకి వెళ్లాయి. పెద్ద నర్సు చేతిలో నాకు చీవాట్లు పడ్డాయి. పడనీ అనుకున్నాను.

పిల్ల రోజూ బడి గంటకి ముందే నా దగ్గర చదువుకోడానికి వచ్చేది. మొదలుపెట్టే ముందు ప్రార్థన కూడా తనే చేసేది. "ప్రభువా, ఐత్వం నాకు ఎత్వంలా కనపడకుండా చూడు." నవ్వాపుకుని ఆమేన్ అనేదాన్ని. మనస్ఫూర్తిగానే అనేదాన్ని.

తల్లిదండ్రుల రోజు రానే వచ్చింది. చాపెల్ నిండిపోయింది. పిల్ల పీటెక్కి, వేలు పెట్టి, ఒక్కో మాటా చదవడం మొదలుపెట్టింది. నత్తనడకే. ముందు వరసలో ఒకాయన గడియారం చూసుకున్నాడు. నేను ఆయన్ని ఎలా చూశానంటే, మళ్లీ చూసుకోలేదు. కాపరి గొర్రెల్ని ఎక్కడ వదిలాడో చెప్పే చోటికి వచ్చి వేలు ఆగిపోయింది.

అడవి అనేస్తే అయిపోయేది. ఆ మాట దాని నాలుక చివరే ఉంది. చివరి వరసలో నాయనమ్మ పెదాలు కదిలాయి. వెంటనే ఆవిడ అరచేత్తో తన నోరు గట్టిగా మూసేసుకుంది.

"మై..." అంది పిల్ల. వేలు కొంచెం జరిగింది. "దా... నం. మైదానంలో." తలెత్తి నాయనమ్మ వైపు చూసి మళ్లీ గట్టిగా అంది, "మైదానంలో!"

"ఆమేన్!" అని వెనకనుంచి నాయనమ్మ కేకేసింది. అందరూ వెనక్కి తిరిగి చూశారు. కథ సగం కూడా కాలేదు, గొర్రె ఇంకా దొరకనే లేదు. అయినా సరే, నేనూ ఆమేన్ అన్నాను.