మూడు వందల పది కిలోల తేడా

ట్రైలర్ మూడోసారి ఊగేసరికి టైలరమ్మ సీటు అంచు గట్టిగా పట్టుకుంది.

మొదటిసారి ఊగినప్పుడు ఆమె మొగుడు గాలి అన్నాడు. రెండోసారి పక్కనుంచి దూసుకుపోయిన లారీని తిట్టాడు. ఈసారి గాలీ లేదు, లారీ లేదు. తిన్నటి రోడ్డు, చిన్న దిగుడు. అయినా వెనకున్న ఇల్లంత బండి కుడికీ ఎడమకీ కొట్టుకుంటూ ట్రక్కుని పట్టి గుంజింది. ఆయన ట్రక్కు బ్రేకు జోలికి పోలేదు. యాక్సిలరేటరు మీంచి కాలు మెల్లిగా తీసి, స్టీరింగు కిందున్న చిన్న మీట నొక్కి ట్రైలర్ చక్రాలకి మాత్రం బ్రేకు వేశాడు. బండి ఇంకో నాలుగు ఊపులు ఊగి దారికొచ్చింది.

"ఇది గాలి కాదు," అన్నాడు.

ఎందుకు ఊగుతోందో ఆమెకి సగం తెలుసు. మిగతా సగం తెలుసుకోవాలని లేదు.

ఆయన పెద్ద పెద్ద పైపులు అతికే వెల్డరు. పనిచోట అందరూ వెల్డరనే పిలుస్తారు, అసలు పేరు ఆయనకే గుర్తుందో లేదో. పని ఎక్కడుంటే ఇల్లు అక్కడ. ఇల్లంటే ఈ ట్రైలరే. పడక, పొయ్యి, స్నానాలగది, ఆమె కుట్టుమిషన్లు అన్నీ అందులోనే. ఓ చోట ఏడు నెలలు, ఇంకో చోట పదకొండు. పని అయిపోయిందనగానే ట్రక్కుకి తగిలించుకుని, పిల్లి పిల్లల్ని తిప్పినట్టు మరో చోటికి. పద్దెనిమిదేళ్ళలో ఇరవై మూడు మకాములు. ప్రతిచోటా ఆమె జిప్పులు మార్చి, ప్యాంట్లు పొట్టిచేసి, నలుగురు ఆడవాళ్ళు నమ్మకంగా మంచి గుడ్డ తెచ్చి ఇచ్చే సమయానికి ఈయన వచ్చి "సర్దు" అంటాడు. మొదట్లో ఏడ్చేది. తర్వాత పోట్లాడేది. ఈమధ్య ఎక్కడికి అని అడగడం కూడా మానేసింది.

మూడు వారాల కింద అక్కకి ఫోన్ చేసింది. అక్క ఉండే ఊరు ఈ దారిలోనే వస్తుంది. "వీధివైపు గది ఖాళీగానే ఉందే, వచ్చి బోర్డు పెట్టుకో," అంది అక్క. అంతే, టైలరమ్మ నిశ్చయించేసుకుంది. ఇవాళ సాయంత్రం ఆ ఊళ్ళో దిగిపోవాలి. ఆయనకి మాత్రం చెప్పలేదు. చెబుదామని నోరు తెరవడం, ఆయన ఒళ్ళు హూనమై వచ్చి తింటూ తింటూనే కునికిపాట్లు పడటం, తెరిచిన నోరు మూసుకోవడం. మూడు వారాలూ అలాగే గడిచాయి.

నిన్న రాత్రి ఆయన ఆఖరి షిఫ్టుకి వెళ్ళగానే, పక్క బళ్ళల్లో ఉండే ఇద్దరు ఆడవాళ్ళని సాయం పిలిచింది. ముందుగదిలో ఉన్న రెండు మిషన్లు, వాటి ఇనప బల్లలు, గుడ్డల ట్రంకులు, ఇస్త్రీ బల్ల అన్నీ ఈడ్చుకొచ్చి వెనక తలుపు పక్కన పెట్టించింది. ముందుగది నుంచి దించాలంటే మూడు మెట్లు, ఇరుకు తలుపు, గంట పని. ఆయన కళ్ళముందు గంటసేపు సామాను లాగడం ఆమె వల్ల కాదు. వెనక నుంచైతే అయిదు నిమిషాల్లో దిగిపోవచ్చు, ఏడుపు రాకముందే. పొద్దున్నే వచ్చిన ఆయన, లోపలి సర్దుడు ఎప్పుడూ ఆమెదే కాబట్టి, లోపలికి తొంగి కూడా చూడకుండా బండి తగిలించాడు.

ఇసుకా కంకరా అమ్మే యార్డు ఒకటి కనబడితే లోపలికి తిప్పాడు. గేటు పక్కనే కాటా ఉంది. కాటా చూసే ముసలాయన కిటికీలో గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ప్రపంచంలో ఉన్న బరువంతా తనే తూచి విసిగిపోయినట్టు కూర్చున్నాడు.

"ఇసుకా, కంకరా?"

"రెండూ కాదు పెద్దాయనా. బండి తూచుకోవాలి. రెండుసార్లు."

"పదిసార్లు తూచుకో, నాకేం," అన్నాడు ముసలాయన.

ఇలాంటి బండిని అయిదో చక్రం ట్రైలర్ అంటారు. పేరుకే చక్రం. నిజానికది ట్రక్కు వెనక తొట్టిలో, వెనక ఇరుసుకి పైన బిగించిన ఇనప పళ్ళెం. ట్రైలర్ ముక్కు కింద లావుపాటి పిన్ను ఉంటుంది, అది ఆ పళ్ళెంలో కూర్చుంటుంది. ట్రైలర్ బరువులో అయిదో వంతు, ఇంకా కాస్త ఎక్కువ, ఆ పిన్ను మీద పడాలి. మరీ ఎక్కువ పడితే ట్రక్కు వెనక కూలబడి, ముందు చక్రాలు రోడ్డుని సరిగా పట్టవు. తక్కువ పడితే ముక్కు తేలిపోయి బండి తోక ఆడిస్తుంది. వెల్డరు ఈ పాఠం ఆమెకి చిలక్కి చెప్పినట్టు వందసార్లు చెప్పాడు. ఆమె వందసార్లూ వింటున్నట్టు తలూపింది.

పిన్ను బరువు తెలియాలంటే, తగిలించిన బండిని అలాగే ఉంచి ట్రక్కు చక్రాలు మాత్రం కాటా పలక మీద నిలపాలి. అది డ్రైవరుకి కనబడదు. ఆమె దిగి ట్రక్కు వెనక చక్రాల పక్కన, అద్దంలో ఆయనకి కనబడేలా నిలబడింది. వేళ్ళు ఆడిస్తే రమ్మని, అరచెయ్యి నిలిపితే ఆగమని. ఆమె చెయ్యి నిలిపితే ఆయన ఎందుకని అడక్కుండా ఆగుతాడు. పద్దెనిమిదేళ్ళలో ఆమె చెప్పింది మారుమాట లేకుండా విన్నది అదొక్కచోటే.

ఆమె చెయ్యి నిలిపింది. బండి ఆగింది.

"నాలుగు వేల నాలుగు వందలు," అని అరిచాడు ముసలాయన.

తర్వాత ట్రక్కూ ట్రైలరూ కలిపి తూచారు. ఎనిమిది వేల ఏడు వందల అరవై. వెల్డరు జేబులోంచి నూనె మరకల నోటుపుస్తకం తీశాడు. ప్రతి మకాం మారేటప్పుడూ తూచి రాసుకోవడం ఆయన అలవాటు. ఉట్టి ట్రక్కు మూడు వేల అయిదు వందల అరవై. తీసివేతలు వేశాడు, మళ్ళీ వేశాడు.

"ట్రైలర్ అయిదు వేల రెండు వందలు. పోయినసారీ అంతే. కిలో పెరగలేదు, కిలో తగ్గలేదు," అన్నాడు ఆమెతో. "పిన్ను మీద మాత్రం పోయినసారి వెయ్యిన్నూట యాభై. ఇవాళ ఎనిమిది వందల నలభై. మూడు వందల పది ఎటుపోయాయి?"

"నాకేం తెలుసు," అంది ఆమె.

"బయటికైతే పోలేదు. పోతే మొత్తం తగ్గేది. ముందున్నదేదో వెనక్కి వెళ్ళింది." ఆ మాట అంటుండగానే ఆయన గొంతు నెమ్మదించింది. పుస్తకం మూసి, బండి వెనక్కి నడిచి, తలుపు తీశాడు.

రెండు మిషన్లు తాళ్ళతో కట్టి, దించడానికి సిద్ధంగా ఉన్నాయి. ట్రంకు మీద ఆమె చెప్పులు, దువ్వెన, మందుల డబ్బా పెట్టిన సంచీ. ఆయన ఆ సంచీ వంకే చాలాసేపు చూశాడు. మూడు వారాలు నోటితో చెప్పలేని సంగతిని కాటా ఒక్క నిమిషంలో చెప్పేసింది.

"మీ అక్క దగ్గరా?"

"ఆఁ."

"ఎన్నాళ్ళకి?"

"తెలీదు. అలిసిపోయానండీ. మీ మీద కోపం కాదు. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు నాకు."

ఆయన తలూపాడు. వెనక మెట్టు మీద కూర్చున్నాడు. పొగచూరిన వేళ్ళతో కళ్ళు నులుముకున్నాడు. "మిషన్లు దించేశాక ముక్కు మళ్ళీ తేలిపోతుంది. అయిదు బస్తాల ఇసుక కావాలి," అన్నాడు.

ఆమె నమ్మలేనట్టు చూసింది. కట్టుకున్న పెళ్ళాం వెళ్ళిపోతానంటే ఈయనకొచ్చిన బెంగ అది.

"నా బదులు ఇసుకా? ఉండవే అని ఒక్క మాట అనలేరా?"

"అంటే ఉంటావు," అన్నాడు. "ఇరవై మూడుసార్లు సర్దమన్నాను, సర్దావు. ఇప్పుడు ఉండమంటే అదీ వింటావు. అందుకే అనలేదు."

ఆమెకి ఒళ్ళు మండింది, జాలీ వేసింది, రెండూ నిలవలేదు. "లేవండి. ఇవి ముందుకి మోయాలి. ఇలాగే పోతే మా అక్క ఊరు చేరేలోగా లోయలో పడతాం," అంది.

ఇద్దరూ కలిసి మోశారు. ఆయన ముందు, ఆమె వెనక. ఇరుకు తలుపు దగ్గర ఆయన మోచెయ్యి గీరుకుపోయింది, మెట్ల దగ్గర ఆమె నడుము పట్టేసింది. ఇసుక బస్తాలు ఆయనే ఎక్కించి, ట్రైలర్ చక్రాలకి సరిగ్గా పైన, నేల మీద పరిచాడు. అక్కడుంటే ముక్కుకి వాటి సంగతే తెలీదట. దిగాల్సిన చోట మిషన్లు దిగాక ముందుకి జరుపుకుంటాడట. మళ్ళీ తూస్తే పిన్ను మీద వెయ్యిన్నూట నలభై అయిదు. ముసలాయన కిటికీలోంచి, "ఇంత సామాను అటూ ఇటూ మోసే బదులు కొత్త పెళ్ళాన్ని తెచ్చుకోవడం తేలికయ్యా," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. పాపం ఆయనకేం తెలుసు.

ఆ తర్వాత బండి ఒక్కసారి కూడా ఊగలేదు. దిగుళ్ళలో, మలుపుల్లో బుద్ధిగా వెంట వచ్చింది.

అక్క ఇంటి పక్క ఖాళీ స్థలంలోకి బండి తిప్పేసరికి ఇంకా వెలుగుంది. అక్క గుమ్మంలో నిలబడి చెల్లెల్నీ మరిదినీ మార్చి మార్చి చూసి, ఏమీ అడక్కుండా మంచినీళ్ళు తెచ్చింది. ఆయన రెండు మిషన్లూ దించి వీధిగదిలో పెట్టాడు. బల్ల కాళ్ళ కింద అట్టముక్క మడిచి పెట్టి కదలకుండా చూశాడు. వెలుతురు ఎటునుంచి వస్తోందో చూసి, మిషన్‌ని కిటికీవైపు తిప్పాడు. తర్వాత వెళ్ళి, ఒక్కొక్క బస్తా భుజానికెత్తుకుని ముందుగదిలోకి చేరవేశాడు. అయిదో బస్తాకి మెట్టు మీద కూర్చుండిపోయాడు. వయసు మీదపడిందని ఆమెకి ఆ క్షణంలోనే తెలిసింది. ఇన్నాళ్ళూ తన అలసటే చూసుకుంది, ఈయనది లెక్కలోకే రాలేదు.

"ఎల్లుండి పనిలో చేరాలి," అన్నాడు. "వెనక్కి తీయాలి. కాస్త చూస్తావా? గోడ కనబడదు నాకు."

ఆమె వెళ్ళి బండి వెనక, గోడ పక్కన నిలబడింది. అద్దంలో ఆయన మొహం చిన్నగా కనబడుతోంది. వేళ్ళు ఆడించింది. బండి మెల్లిగా వెనక్కి వచ్చింది. గోడకి ఇంకా బోలెడు ఎడముంది. ఇంకో రెండు బారలు వస్తే వీధిలో పడుతుంది, ఇక ఆమెతో పనిలేదు.

ఆమె అరచెయ్యి నిలిపింది.

బండి ఆగింది. ఆయన ఎదురుచూశాడు. ఆమె చెయ్యి దించలేదు. చివరికి దిగి వెనక్కి వచ్చాడు. గోడవంక చూశాడు, చక్రాలవంక చూశాడు.

"ఏం తగిలింది?"

"ఏమీ తగల్లేదు. నేనే ఆపాను." చెయ్యి అప్పుడు దించింది. "మీరు అనలేదు కాబట్టి నేనంటున్నా. ఉండిపోండి."

"ఎల్లుండి పని..."

"విన్నాను."

ఆయన కాసేపు నిలబడి, ట్రక్కు ఎక్కాడు. పోతున్నాడనుకుంది. ఇంజను ఆగిపోయింది. మళ్ళీ దిగొచ్చినప్పుడు ఆయన చేతుల్లో, చక్రాలకి అడ్డుపెట్టే చెక్క దిమ్మలు రెండున్నాయి. ఒకటి వంగి ఇవతలి చక్రం కింద తోశాడు. రెండోది ఆమె చేతికిచ్చాడు.

"అవతలి వైపు నువ్వు పెట్టు," అన్నాడు.