ఏడువందల యాభై వాట్ల గుట్టు

నేను ఒక మిక్సీని. ఏడువందల యాభై వాట్ల గొంతు నాది. కోయంబత్తూరులో నన్ను పరీక్షించిన ఇంజనీరు చప్పుడు కాస్త ఎక్కువేనన్నాడు. ఆడవాళ్లు సర్దుకుంటారులే అన్నాడు పక్కాయన. అలా పాసై బయటపడ్డాను.

తణుకులో ఒక కొట్టు అద్దాల వెనక కొన్నాళ్లు నిలబడి, హైమావతి పెళ్లికి కానుకగా వెళ్లాను. ఇచ్చినవాళ్లు "ఇక నీకు సుఖమే" అని దీవించారు. సుఖమంటే అల్లం నూరుకోనక్కర్లేకపోవడమేనని నేనూ నమ్మాను.

రెండు గదులు, ఒక వంటిల్లు. ముందు గదిలో టీవీ, టీవీ ముందు అత్తగారు వీరమాణిక్యమ్మ. ఆవిడ చెవిన పడింది రాత్రికల్లా కొడుకు చెవిన పడుతుందని హైమ భయం.

ఒక మధ్యాహ్నం హైదరాబాదు నుంచి రెహానా అనే అమ్మాయి వచ్చింది. చాలా దేశాల్లో ఒకేసారి జరుగుతున్న పరిశోధనట. పెళ్లయిన ఆడదానికి తన ఒంటి మీద తనకెంత హక్కుందో కనుక్కుని, జెనీవాలో సభ పెట్టి, ప్రభుత్వాల చేత చట్టాలు మార్పించాలని వాళ్ల ప్రయత్నం. ఇంటర్వ్యూ ఏకాంతంలో జరగాలని నియమం. ఆ నియమం రాసినవారింట్లో గదులు చాలా ఉండి ఉంటాయి.

ఆరోగ్య సర్వే అని అత్తగారికి చెప్పి ఇద్దరూ వంటింట్లో కూర్చున్నారు. పేరు ఎక్కడా రాదని, గొంతొక్కటే వినిపిస్తామని చెప్పి, రెహానా ఫోనులో రికార్డింగు నొక్కింది. తర్వాత కాగితం చూసి చదివింది. "దాంపత్యంలో మీ లైంగిక స్వయంనిర్ణయాధికారాన్ని మీరు..."

"అంటే ఏంటండి? కరెంటాఫీసు నోటీసులా ఉంది."

రెహానా నవ్వి గొంతు తగ్గించింది. "మీకిష్టం లేక వద్దంటే, ఆయన ఊరుకుంటారా అని."

హైమ లేచింది. నానబెట్టిన పెసరపప్పు నా జారులో పోసి, మీట మూడుకి తిప్పింది. అప్పుడు మాట్లాడింది, నా గొంతు కింద తన గొంతు దాచుకుని. రుబ్బుతూనే అంతా విన్నాను. మోటారు వేడెక్కిందనుకుని హైమ నన్ను ఆపింది. వేడి కాదు, సిగ్గు.

"ఇదేం పచ్చడే, గంధంలా ఉంది! ఎవరికి పుయ్యాలి?" అంది అత్తగారు భోజనాల దగ్గర.

వానలు వెనకపట్టాక రెహానా మళ్లీ వచ్చింది. జెనీవా సభలో హైమ గొంతు వినిపించారట. వినపడింది నేను. అనువాదకులు హెడ్‌ఫోన్లు పీకి పారేశారట. ఒక దేశపు ప్రతినిధి అది ఏ ఫ్యాక్టరీ చప్పుడని అడిగాడట. అంతర్జాతీయ వేదికనెక్కిన మిక్సీని బహుశా నేనొక్కదాన్నే. గర్వపడే లోపే రెహానా మిగతాది చెప్పింది.

"వినపడని జవాబులన్నీ 'సమాధానం లేదు' అని రాశారండి. ఒక ప్రభుత్వం తరఫు పెద్దమనిషి లేచి, ఇబ్బందుంటే చెప్పేవాళ్లుగా, చెప్పలేదంటే లేనట్టే అన్నాడు. నెలాఖరుకి ఆఖరి నివేదిక. మీ మాట అందులో ఉండాలంటే మళ్లీ చెప్పాలి. వద్దంటే బలవంతం లేదు. బయటెక్కడైనా కలుద్దామా?"

"బయటికా? ఎక్కడికి, ఎవరింటికి, ఎంతసేపు... ఇన్నిటికి జవాబు చెప్పేకంటే ఇక్కడే నయవండి."

లేనట్టే! ఇన్నాళ్లూ కొబ్బరీ మినప్పప్పూ రుబ్బుతున్నాననుకున్నాను. ఒక మనిషి కష్టాన్ని ఆనవాలు లేకుండా మెత్తగా రుబ్బి పెట్టానట. ఆ బల్ల మీంచి దూకేద్దామనిపించింది. వైరు పొట్టిది.

హైమ నా మీట తిప్పింది. ఒక్కసారి గర్రుమన్నానో లేదో, ఆపేసింది.

"వద్దన్నానండి," అంది మామూలు గొంతుతో. "చాలాసార్లన్నాను. ఒంట్లో బాగోలేదన్నాను, ఏడ్చాను. ఊరుకోలేదు. నాకు దాన్ని కాపురం అనబుద్ధి కావట్లేదు. రాసుకోండి."

ముందు గదిలో టీవీ ఆగింది. అడుగులు గుమ్మం దాకా వచ్చాయి. హైమ చెయ్యి అలవాటుగా మళ్లీ నా మీదికి రాబోయింది. అంతకంటే ముందే వీరమాణిక్యమ్మ నా ప్లగ్గు పీకేసింది. ఇక కొడుకుని వెనకేసుకొస్తుంది, కోడల్ని దులిపేస్తుంది అనుకున్నాను. ఆవిడ పీట లాక్కుని గోడ వైపు తిరిగి కూర్చుంది.

"అమ్మాయ్, అరవై దాటినోళ్లవి కూడా ఎక్కించుకుంటారా అందులో?"

రెహానా తలూపింది.

"మా రోజుల్లో రోలేనమ్మా. దాని చప్పుడు చాలేది కాదు. అందుకే ఎవరికీ చెప్పలేదు."

"అత్తయ్యా..."

"నువ్వుండవే. ఆ గదిలోంచి నీ ఏడుపు వినపడినప్పుడల్లా టీవీ పెంచుకున్నదాన్ని. ఏ మొహంతో నీ వంక చూడను?"

ప్లగ్గు పీకాక యంత్రానికి ఏ బాధా ఉండకూడదు. ఉంది. ఆ ఇంట్లో చప్పుడంతా నాదొక్కదానిదే అనుకున్నాను. ఆ టీవీ, నేనూ పంచుకున్నామన్నమాట.

తర్వాత ఆవిడ చెప్పింది నేను చెప్పను, అది ఆవిడ సొత్తు. మొదట్లో గోడకి చెప్పుకున్నట్టు గొణిగింది. "కాస్త గట్టిగా చెప్పండమ్మా," అంది రెహానా.

వీధి తలుపు తీసే ఉంది. ఆవిడ గట్టిగానే చెప్పింది.